బల్ల ఎత్తు

ఇవాళ నా బల్లని నాలుగు చెక్కముక్కల మీదికి ఎత్తారు.
వడ్రంగి టేపు పెట్టి చూసి
"మూడంగుళాలు తక్కువమ్మా" అన్నాడు,
అదేదో మామూలు సంగతైనట్టు.
సోమవారం నుంచి ఇక్కడ ఫ్రేయా కూర్చుంటుంది.
ఆమె చక్రాల కుర్చీ దీని కిందికి దూరదు.

ఇరవై తొమ్మిదేళ్ళు
వైట్‌హేవెన్ ఊళ్ళో ప్రతి బ్యాంకు గుమ్మం ముందూ
ప్రతి రొట్టెల కొట్టు మెట్టు ముందూ
ఇలాంటి టేపే పట్టుకుని నిలబడ్డాను.
ఒక్క వాలుదారి కోసం
ఓడరేవు కమిటీకి పదకొండు ఉత్తరాలు రాశాను.
నా బల్ల మాత్రం కొలవలేదు.

బయట బోర్డుకి మూడు పొరల రంగుంది.
అన్నిటికన్నా అడుగున: అవిటి పిల్లల సహాయ సంఘం.
దాని మీద: వికలాంగుల సేవా కేంద్రం.
పైన ఇప్పటి పేరు, తెరిచిన తలుపు,
ఎవరి ఒంటి ఊసూ ఎత్తనిది.
సముద్రపు గాలికి పెచ్చులూడినప్పుడల్లా
ముందు బయటపడేది ఆ 'అవిటి' మాటే.
నిచ్చెనేసుకుని ఏటా నేనే రంగు పూసేదాన్ని.
"వదిలెయ్ గిలియన్,
ఎక్కణ్ణించి వచ్చామో చదువుకోనీ జనాన్ని"
అని కిందనుంచి అరిచేది బెరిల్.
వదిలేదాన్ని కాదు.

మొదటి గ్రాంటు దరఖాస్తులో రాశాను:
'వీళ్ళని సొంత కాళ్ళ మీద నిలబెడతాం.'
టైపు చెయ్యమని బెరిల్‌కే ఇచ్చాను.
చదివి నవ్వింది, నవ్వి నవ్వి దగ్గింది,
"ఎవరి కాళ్ళు?
సైజు చెబితే బూట్లు కొనిపెట్టుకుంటా" అంది.
ఆ వాక్యం కొట్టేశాను. డబ్బు రాలేదు.
మరుసటేడు మళ్ళీ అదే రాశాను. వచ్చింది.
ఆ కాగితం తనకి చూపించలేదు.
ఆ డబ్బుతో పెట్టిన లిఫ్టులోనే
బెరిల్ పదహారేళ్ళు పైకీ కిందికీ తిరిగింది,
పోయేదాకా.

ఇక డెరిక్ మస్‌గ్రేవ్.
ఒళ్ళో అక్షరాల పలక, దాని మీద ఒక వేలు,
ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రయాణం.
నాకేమో పని తొందర.
'కా' దగ్గర వేలు ఆగీ ఆగకముందే
లేచి కాఫీ తెచ్చేదాన్ని.
తాగేవాడు పాపం.
ఆరేళ్ళకి ఓ వానరోజు, కరెంటు పోయి, పనేమీ లేక,
కూర్చుని చివరిదాకా చూశాను.
కాఫీ కాదు.
'కాదు.'

నోట్లో మాట లాక్కోవడం అంటే
దొంగతనమేనని అప్పటిదాకా నాకు తెలీదు.

ఇవాళ్టి వీడ్కోలు సభలో
మేయరు మాట్లాడాడు. గడియారం ఇచ్చారు.
ఎవరో 'మదర్' అన్నారు, బల్ల కింద నా కాళ్ళు ముడుచుకున్నాయి.
అప్పుడు డెరిక్ పలక ముందుకి జరిపాడు.
హాలంతా ఆగింది.
కేకు మీద క్రీము జారింది.
నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని
పద్నాలుగు నిమిషాలు ఊహించకుండా ఉన్నాను,
అబద్ధం, ఊహించాను:
ధన్యవాదాలనో, వెళ్ళొద్దనో.

'మంగళవారం వ్యాను నడిపేది ఎవరు?'

అందరూ నవ్వారు. డెరిక్ నవ్వలేదు.
జవాబు నా నాలుక మీదే ఉంది.
ఫ్రేయా వైపు చూశాను.
"నాకింకా తెలీదు డెరిక్,
శుక్రవారంలోపు కనుక్కుని చెబుతాను"
అంది, నా అంత గొంతు పెంచకుండా.

తాళాలు ఇచ్చేశాను.
ఇంటికొచ్చి కోటు విప్పుతుంటే
జేబులోంచి టేపు కిందపడింది.
వంటింటి బల్ల కొలిచాను.
స్నానాలగది తలుపు కొలిచాను.
ఇన్నేళ్ళలో డెరిక్ మా ఇంటికి రాలేదు.
బెరిల్ రాలేదు.
క్రిస్మస్‌కి కార్డులు పంపేదాన్ని, అందరికీ, పేరుపేరునా.

మా వీధి గుమ్మానికి రెండు మెట్లు.
రెండోది ఏడంగుళాలు.
దీపం వెయ్యకుండా, వేళ్ళతో తడుముతూ,
మళ్ళీ ఒకసారి కొలిచాను.